కిచెన్‌లో కొత్తగా వుడ్‌వర్క్ చేయిస్తున్నాం, పైప్ గ్యాస్ మీటర్‌ని కప్‌బోర్డు లోపల పెట్టి మూసేయొచ్చా, ప్లంబర్‌తో పక్కకి జరిపించుకోవచ్చా?

సూటిగా చెప్పాలంటే రెండూ వద్దండి. మీటర్‌ని గాలాడకుండా తలుపులు పెట్టి మూసేయకూడదు, నీళ్ళ పైపులు చేసే ప్లంబర్‌తో అస్సలు జరిపించకూడదు. కానీ మీ ప్రశ్నలో మధ్యలో ఎక్కడో రాసిన ఒక మాట నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది, పొద్దున్నే ఇప్పుడు మీటర్ ఉన్న కప్‌బోర్డు తలుపు తీస్తే వాసన వస్తోందని అత్తగారు అంటున్నారు, నాకైతే ఏమీ తెలియట్లేదు అన్నారు కదా. ముందు దాని సంగతి చూడండి, కిచెన్ పని ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

రాత్రంతా తలుపు మూసుండి పొద్దున తీయగానే వాసన రావడం, కాసేపటికి పోవడం, ఇది చిన్న లీకు ఉన్నప్పుడు కనిపించే లక్షణమే. పెద్ద లీకైతే ఇల్లంతా తెలిసిపోతుంది, చిన్నది మాత్రం మూసిన చోట నెమ్మదిగా పోగవుతుంది. మీకు రావట్లేదని అత్తగారి మాట తీసిపారేయకండి ప్లీజ్, అదే వాసనలో కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది, జలుబు చేసినా తెలీదు. అసలు పైపులో వచ్చే గ్యాస్‌కి సొంత వాసన దాదాపు ఉండదు, మనకి తెలియాలనే మెర్‌కాప్టాన్ లాంటి గంధకం ఉన్న పదార్థం కొద్దిగా కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సాస్‌లో న్యూ లండన్ అనే చోట ఒక స్కూల్ బిల్డింగ్ కింద వాసన లేని గ్యాస్ లీకై పోగై పేలింది, దాదాపు 300 మంది పోయారు, చాలామంది పిల్లలే, ఆ తర్వాతే అక్కడ గ్యాస్‌కి వాసన కలపాలని చట్టం తెచ్చారు. నాచురల్ గ్యాస్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది, ఆ 5లో ఐదో వంతు, అంటే 1 శాతం ఉన్నప్పుడే మనిషికి తెలిసిపోయేలా వాసన ఉండాలన్నది చాలా చోట్ల రూలు. అంటే గ్యాస్ అంటుకునే స్థాయికి చేరేలోపే వాసన తెలిసి, సర్దుకోవడానికి టైముండాలని దాని ఉద్దేశం, కాకపోతే మూసిన కప్‌బోర్డులో ఆ టైము ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ఇవాళే గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి, బిల్లు మీద ఉంటుంది. వాసన వస్తున్న టైములోనైతే మీటర్ ముందున్న వాల్వ్ కట్టేసి, కిటికీలు తలుపులు తీసేసి, అందరూ బయటికొచ్చాక బయటి నుంచే ఫోన్ చేయండి. లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు కూడా, స్విచ్చి ఎటు నొక్కినా లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది. వాసన పోతుంది కదా అని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేవాళ్ళు చాలామంది, అదీ అంతే ప్రమాదం.

ఇక నా సంగతి, ఇళ్ళకి పైప్ గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే టీములో చాలా కాలం టెస్టింగ్ పని చేశాను. నేను చూసినంతలో కొత్త కనెక్షన్లలో లీకులు తక్కువ, తర్వాత ఇంట్లో ఏదో ఒకటి మార్చాక వచ్చినవే ఎక్కువ. కనెక్షన్ ఇచ్చే ముందు పైపులో గాలి పట్టించి, గేజ్ తగిలించి, కొంత సేపు ముల్లు కదలకుండా నిలబడిందా లేదా అని చూసి, అప్పుడే గ్యాస్ వదులుతారు. ఆ టెస్టు ఆ రోజున్న పైపుకి, ఆ రోజున్న జాయింట్లకి మాత్రమే. తర్వాత ఒక్క నట్టు విప్పి బిగించినా మళ్ళీ టెస్టు చేయాల్సిందే, పాత కాగితం చూపించి "మాకు అప్పుడే పాసైంది" అంటే కుదరదు.

ఒక ఇంట్లో అచ్చం మీలాగే కొత్తగా వుడ్‌వర్క్ చేయించారు. కార్పెంటర్ షెల్ఫ్ పలకకి ఒక పక్క సపోర్టు దొరక్క మీటర్ పైభాగం మీదే ఆనించాడు, దాని మీద బరువైన గిన్నెలు సర్దేశారు. పైకి చూస్తే మీటర్ నిటారుగానే ఉంది, ఎవరికీ అనుమానం రాదు. గిన్నెలు తీయించి, మీటర్ నుంచి బయటికెళ్ళే పైపు దగ్గర నట్టు చుట్టూ సబ్బు నురగ రాశాను, కాసేపు ఏమీ లేదు, తర్వాత నట్టు అడుగు పక్కన ఆవగింజంత బుడగ ఒకటి లేచి మెల్లగా పెద్దదై పగిలింది, అదే చోట ఇంకోటి లేచింది. పలక బరువుకి మీటర్ కొద్దిగా కుంగి లోపలి వాషర్ ఒక పక్క నొక్కుకుపోయింది. ఆ ఇంటావిడ కూడా పొద్దున పూట వాసన అనే చెప్పింది, ఇంట్లోవాళ్ళు డస్ట్‌బిన్ కంపు అనుకుని ఊరుకున్నారట.

ఆ వాషర్ సంగతి మీ ప్లంబర్‌కి తప్పకుండా చెప్పండి, "నట్టు విప్పి టేపు చుట్టి బిగిస్తే అయిపోతుంది" అన్నాడని రాశారుగా. నీళ్ళ పైపు మరలకి టేపు చుడితే ఆగుతుంది నిజమే, కానీ మీటర్‌కి రెండు పక్కలా ఉండే నట్టుల్లో గ్యాస్‌ని ఆపేది మరలు కాదు, లోపలున్న చదునైన వాషర్. మరలకి ఎంత టేపు చుట్టినా ఉపయోగం లేదు, పైగా టేపు మందానికి నట్టు పూర్తిగా బిగుసుకోదు, అది చూసి ఇంకా గట్టిగా తిప్పితే మీటర్ మెడ దగ్గర దెబ్బతింటుంది. విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి, అదీ గ్యాస్‌కి పనికొచ్చేది. గ్యాస్ పైపు పనికి ట్రైనింగూ లైసెన్సూ విడిగా ఉండేది ఇలాంటి వాటికోసమే. పైగా మీటర్ మామూలుగా కంపెనీ ఆస్తి, దానికి సీలు ఉంటుంది, ఆ సీలు తెగితే మీరు మంచి ఉద్దేశంతో చేశామన్నా ట్యాంపరింగ్ కిందే చూస్తారు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న కూడా ఎవరు జరిపారనే.

కప్‌బోర్డు విషయానికొస్తే, మీటర్ అసలు కనబడకూడదు అంటే ఇంటి బయట గోడకి బాక్సులో పెట్టమని కంపెనీని అడగండి, వీలున్న చోట అదే అన్నిటికన్నా మంచిది. లోపలే ఉండాలంటే తలుపుకి జాలీ గానీ వాలు పట్టీలు గానీ పెట్టించండి, గాలి పైనా కిందా రెండు చోట్లా ఆడాలి. పైపులో వచ్చే నాచురల్ గ్యాస్ గాలి బరువులో సగంకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది, అంటే గాలికన్నా బాగా తేలిక, పైకి పోతుంది, కాబట్టి పై రంధ్రాలు ముఖ్యం. సిలిండర్ గ్యాస్ దీనికి పూర్తిగా ఉల్టా, గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేల మీద పరుచుకుంటుంది, దానికి కింద రంధ్రాలు కావాలి. డిటెక్టర్ పెట్టేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి, పైప్ గ్యాస్‌కైతే సీలింగ్‌కి ఒక అడుగు లోపు, సిలిండర్‌కైతే నేలకి దగ్గరగా. ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నారా? వేయిస్తే దాని పైన గ్యాస్ పైపు జాయింటు ఒక్కటి కూడా ఉండకుండా చూడండి, అక్కడ లీకైతే గ్యాస్ పైనే ఆగిపోయి మీ ముక్కుదాకా రావడానికి చాలా ఆలస్యం అవుతుంది.

వాల్వ్ మాత్రం చేతికి అందాలి. డ్రాయర్ ఊడదీసి, స్క్రూడ్రైవర్ పెట్టి అందుకునేది వాల్వ్ కింద లెక్క కాదు. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఒకసారి చూపించండి, హ్యాండిల్ పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే కట్టేసినట్టు.

కరెంటు మీటరూ స్విచ్ బోర్డులూ పక్కన ఉండకూడదు, ఎంత దూరం అన్నది మీ చోటి రూల్‌ని బట్టి ఉంటుంది కాబట్టి కంపెనీ మనిషినే అడగండి. గ్యాస్ పైపుని ఎర్తింగ్‌కి వాడకూడదు, వాషింగ్ మెషీన్ వైరు తెచ్చి దగ్గర్లో ఉంది కదా అని గ్యాస్ పైపుకి చుట్టేసినవి కూడా చూశాను. కొన్ని చోట్ల రూల్ ప్రకారం ఎలక్ట్రీషియన్ షాక్ కొట్టకుండా పైపుని ఇంటి ఎర్త్‌తో కలిపే బాండింగ్ వైరు పెడతాడు, అది వేరే, దాన్ని మీరు పీకేయకండి. గోడలోంచి పైపు వెళ్ళే చోట చుట్టూ స్లీవ్, అంటే తొడుగు గొట్టం ఉండాలి, గోడ లోపల జాయింటు ఉండకూడదు. కార్పెంటర్ డ్రిల్లింగ్ మొదలుపెట్టే ముందు పైపు ఎటు పోతోందో గోడ మీద చాక్‌పీస్‌తో గీసి పెట్టండి, అంత చిన్న పనికి పెద్ద ప్రమాదం తప్పుతుంది.

గీజర్ కూడా గ్యాస్‌దే పెట్టిద్దామనుకుంటున్నాం అని చివర్లో రాశారు. ఇది కంపెనీకి చెప్పకుండా పెట్టేయకండి. ఇళ్ళల్లో పెట్టే చిన్న మీటర్ మీద జీ1.6 (G1.6, మీటర్ సైజు గుర్తు) అని ఉంటే అది గంటకి 2.5 ఘనపు మీటర్ల వరకే ఇవ్వగలదు. 20 కిలోవాట్ల గీజర్ ఒక్కటే గంటకి సుమారు 2 ఘనపు మీటర్లు లాగుతుంది, అదే టైములో స్టవ్ బర్నర్లన్నీ వెలిగిస్తే లెక్క దాటిపోతుంది, మంట చిన్నదైపోవడం, ఒక్కోసారి ఆరిపోవడం జరగొచ్చు. మీటరూ పైపు సైజూ సరిపోతాయో లేదో లెక్కవేసి మార్చడం కంపెనీ పని. గీజర్ పొగ గొట్టం బయటికే పోవాలి, గాలాడని బాత్రూంలో పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు, అత్తగారి ముక్కు కూడా పట్టలేదు.

మీటర్ చూసి లీకు కనిపెట్టొచ్చా అన్నారు, కొంతవరకే. అన్ని బర్నర్లూ కట్టేసి మీటర్ మీద ఎర్ర అంకెలతో సహా ఫోటో తీసుకుని గంట తర్వాత మళ్ళీ చూడండి, కదిలితే లీకున్నట్టే. కదలకపోతే మాత్రం లేదని నమ్మొద్దు, మరీ సన్నటి లీకుని మీటర్ పట్టలేకపోవచ్చు, మీటర్‌కి ముందున్న జాయింటులో లీకైతే అసలు లెక్కలోకే రాదు. సబ్బు నురగ దానికన్నా మేలు, అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ చూడొద్దు. ఇవన్నీ వాసన లేనప్పుడు చేసుకునే పరీక్షలు, మీకు ఇప్పటికే వాసన ఉంది కాబట్టి కంపెనీ వాళ్ళు వచ్చేదాకా ఆగండి.

కిచెన్ పని ఆర్డర్ మాత్రం ఇలా పెట్టుకోండి, ముందు కంపెనీ వచ్చి లీకు చూసి సరిచేయాలి, తర్వాత కార్పెంటర్ డ్రాయింగ్‌ని వాళ్ళకి చూపించి మీటర్ ఎక్కడికి జరపొచ్చో రాతపూర్వకంగా తీసుకోండి, వాళ్ళ చేతే జరిపించండి, వుడ్‌వర్క్ అంతా అయ్యాక ఇంకోసారి టెస్టు పెట్టించి రిపోర్టు కాపీ చేతికి తీసుకున్నాకే కార్పెంటర్‌కి చివరి డబ్బులు ఇవ్వండి. వాళ్ళు వచ్చి చూశాక లీకు ఎక్కడ దొరికిందో ఇక్కడే రాయండి, ఫోటో పెడితే ఇంకా ఏం చూడాలో చెప్తాను.