డాక్టర్ సలహా: ఊళ్లో ఒక్కతే ఉంటానంటున్న అమ్మను ఎలా వదిలేది?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. నాన్న పోయి రెండేళ్లయింది. నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటోంది. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి గడప దగ్గర పడింది. ఎముక విరగలేదు గానీ తుంటి కమిలిపోయి వారం రోజులు మంచం దిగలేదు. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో ఉన్నాం. మా దగ్గరికి రమ్మంటే 'ఆ నాలుగ్గోడల మధ్య నేనుండలేను' అంటోంది. వదిలేసి ఉండాలంటే టెన్షన్‌గా ఉంది. ఇలాంటివాళ్లకు ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారు ఎందుకు పడ్డారో తేలాలి, ఎక్కడ ఉండాలన్నది ఆ తర్వాత. కారణం తెలియకుండా హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి బాత్రూమ్‌లోనూ పడతారు, పైగా అది రాత్రిపూట స్విచ్ కోసం గోడ తడుముకోవాల్సిన కొత్త ఇల్లు.

తెల్లవారుజామున లేవగానే పడ్డారంటే నా అనుమానం మొదట బీపీ మాత్రల మీదకే పోతుంది. పడుకున్న మనిషి గబుక్కున లేచినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరగడం ఈ వయసులో చాలా మామూలు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గిందంటే మాత్ర మార్చడమో, డోసు తగ్గించడమో అవసరం కావచ్చు. దీనికి నెల్లూరు రానక్కర్లేదు, మీ ఊరి హెల్త్ క్లినిక్‌లోనే చూడొచ్చు, కానీ అడిగి మరీ నిలబెట్టి చూపించుకోండి, అడక్కపోతే కూర్చోబెట్టి చూసి పంపేస్తారు. రాత్రి అన్నం సరిగ్గా తినకుండా షుగర్ మాత్ర వేసుకున్నారా, చెమటలు పట్టాయా, పక్కింటివాళ్లు ఇచ్చిన నిద్రమాత్రలేమైనా మింగుతున్నారా అన్నవి కూడా అడగండి. కళ్లలో శుక్లాలు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ ఉచితం. ఆమె వాడే మాత్రల్లో ఏదీ మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఇక ఆమె ఊళ్లో ఉండొచ్చా అంటే, నా అభిప్రాయంలో ఉండొచ్చు. వంట తనే చేసుకుంటూ, మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకుంటూ, పలకరించే నలుగురున్న వీధిలో బతుకుతున్న మనిషిని భయం కొద్దీ అపార్ట్‌మెంట్‌లో కూర్చోబెడితే ఆర్నెల్లలో కాళ్లు పట్టేసి, తిండి తగ్గి, దిగులు పట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కాబట్టి ఆమెను కదిలించే ముందు ఇంటిని సరిచేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు, బాత్రూమ్‌లో గోడకు గట్టిగా బిగించిన పట్టుకునే రాడ్డు, ఆ గడప దగ్గర మెట్టు ఎత్తు తగ్గించడం. మేస్త్రీకి ఒక్క రోజు పని.

సాయం సంగతికి వస్తే, మీకు తెలుసో లేదో, పెద్దవాళ్లకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, వీల్ చైర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. 60 దాటి, పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లు గానీ నెలకు 15 వేలకు మించి ఆదాయం లేనివాళ్లు గానీ అర్హులు. ముందు క్యాంపులో కొలతలు తీసుకుని, తర్వాత ఇంకో రోజు పరికరాలిస్తారు. క్యాంపు ఎప్పుడన్నది నెల్లూరులోని వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి. అయితే కర్ర చేతికి రాగానే పని అయిపోలేదు. ఆ మధ్య మా ఓపీకి ఒక పెద్దాయన చేతికర్ర చంకలో పెట్టుకుని వచ్చాడు, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఏం తాతా, వాడట్లేదా అంటే 'భుజం నొప్పెడతా ఉంది సార్' అన్నాడు. చూస్తే కర్ర పొడుగెక్కువ. బటన్ నొక్కి రెండు రంధ్రాలు కిందికి దించితే సరిపోయింది, అప్పటికప్పుడే వరండాలో ఆ చివరిదాకా నడిచి చూపించాడు. చెయ్యి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి, నొప్పి ఎక్కువున్న మోకాలికి రెండో వైపు చేతిలో పట్టుకోవాలి, అడుగున రబ్బరు తొడుగు అరిగితే మార్చాలి.

పింఛను వస్తోందనుకుంటాను. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4 వేలు, 1వ తేదీన సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. ఊరు దాటితే పింఛను పోతుందని భయపడి పిల్లల దగ్గరికి రాని పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వరసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో మూడు నెలలదీ కలిపి ఇస్తారని అమ్మగారికి చెప్పండి, బహుశా పండక్కి మీ దగ్గర నాలుగు రోజులు ఎక్కువే ఉంటారు. 65 దాటినవాళ్లకు రేషన్ బియ్యం డీలరే ఇంటికి చేర్చాలి, ఆమె సంచి మోసుకుని వెళ్లక్కర్లేదు. ఆసుపత్రి పనిమీద నెల్లూరు రావాలంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. 70 దాటారు కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి పనికొచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి. ఇంక 14567 అని పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఆ నంబరు గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టండి, కింద 108, మీ ఇద్దరి నంబర్లు, ఆశా కార్యకర్త నంబరు కూడా.

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. రోజూ ఇంటికొచ్చి స్నానం చేయించి, వంట చేసి పెట్టే మనిషిని ప్రభుత్వం ఇవ్వదు. ఆ లోటు మీరే పూడ్చాలి. మీ వీధిలో నమ్మకమైన ఒకావిడతో మాట్లాడుకుని, పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి తలుపు తట్టి పలకరించి వెళ్లమనండి, నెలకింతని డబ్బులివ్వండి. ఊరికే చేయమంటే పాపం ఆమెకూ ఇల్లూ పనులూ ఉంటాయి కదా. ఆమె దగ్గర ఇంకో తాళంచెవి ఉండాలి, ఇది మర్చిపోవద్దు, పడిపోయిన మనిషి లోపల తాళం వేసుకుని ఉంటే చెవి లేకుండా బయటివాళ్లు ఏం చేయలేరు. బాత్రూమ్‌కి లోపలి గడియ తీయించేయండి.

మళ్లీ ఎప్పుడైనా పడి, కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి. నూనె రాసి మర్దన చేయడం, లేపి నడిపించి చూడటం లాంటివి చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ తలుపు తట్టే ఆవిడకూ ఈ మాట చెప్పి ఉంచండి.

వచ్చే నెల 1వ తేదీ కలిసొచ్చేలా రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లండి. పింఛను తెచ్చే ఉద్యోగిని, ఆశా కార్యకర్తను, రేషన్ డీలర్‌ను స్వయంగా కలిసి మీ నంబరు ఇచ్చి రండి. పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ చూసిన బీపీ అంకెలు, అమ్మగారు వాడే మాత్రల పేర్లు రాసి పంపితే ఏది మార్చాలో మీ డాక్టర్‌ను ఎలా అడగాలో చెబుతాను.