ముజాహిదీన్-ఎ-ఖల్క్ సిద్ధాంతం ఎక్కడ పుట్టింది? షరియతీ దగ్గరా, మార్క్స్ దగ్గరా?

మీరు అడిగినవి రెండు. షా కాలంలో ఇరాన్‌లో అజ్ఞాతంగా నడిచిన ముజాహిదీన్-ఎ-ఖల్క్‌కు, ఇస్లాంను విప్లవ భాషలో చెప్పిన ఆలోచనాపరుడు అలీ షరియతీ గురువా? వాళ్లు నిజంగా ‘ఇస్లామిక్ మార్క్సిస్టులా’? మొదటిదానికి జవాబు: కాదు. రెండోది షా ప్రభుత్వం తగిలించిన పేరు, అందులో సగమే నిజం.

ముందు తారీఖుల చిక్కు తీసేద్దాం. సంస్థ చిహ్నం మీద 1344 అని ఉంటుంది. మామూలు (చాంద్ర) హిజ్రీ అనుకుని లెక్కేస్తే 1925 వస్తుంది, కథంతా తప్పిపోతుంది. అది ఇరాన్ సౌర సంవత్సరం. 621 కలిపితే 1965. అక్కడ కొత్త సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి, ఆ ఏడాది చివరి నెలలకు మాత్రం 622 కలపాలి. పేర్లతోనూ జాగ్రత్త. ఫదాయియాన్-ఎ-ఇస్లాం 1940ల నాటి మతవాద ముఠా, ఫదాయియాన్-ఎ-ఖల్క్ పక్కా మార్క్సిస్టులు. అఫ్గాన్ ముజాహిదీన్ అసలు వేరే లోకం.

ఈ సిద్ధాంతం మదరసాలో పుట్టలేదు. 1961లో మెహదీ బజర్గాన్, ఆయతుల్లా తాలెఘానీ, యదుల్లా సహాబీ కలిసి నెహజత్-ఎ-ఆజాదీ (స్వేచ్ఛా ఉద్యమం) అనే పార్టీ పెట్టారు. బజర్గాన్ ఇంజనీరు, ఆరాధనను థర్మోడైనమిక్స్‌తో వివరించడానికి పుస్తకమే రాసిన మనిషి! ఖురాన్‌కూ సైన్సుకూ పేచీ లేదన్నది ఆయన పట్టు. అయితే ఆయన దారి రాజ్యాంగబద్ధం. 1963 జూన్‌లో షాను ఎదిరించిన మతగురువు ఖొమేనీ అరెస్టుపై జనం రోడ్డెక్కితే సైన్యం కాల్చింది. నెహజత్ నాయకులు జైలుకెళ్లారు. చట్టం లోపల చేయగలిగిందేమీ మిగల్లేదని ఆ పార్టీ కుర్రాళ్లు తేల్చుకున్నది అప్పుడే.

1965లో సంస్థ పెట్టిన ముగ్గురూ టెహ్రాన్ యూనివర్సిటీలో చదివినవాళ్లే. మొహమ్మద్ హనీఫ్‌నెజాద్‌ది వ్యవసాయ ఇంజనీరింగ్, సయీద్ మొహ్సెన్‌ది సివిల్, అలీ అస్గర్ బదీజాదెగాన్‌ది కెమికల్. ఒక్కరికీ ముప్ఫై నిండలేదు. మొదటి కొన్నేళ్లూ చదువు, చర్చే. ఒక పక్క ఖురాన్, ఇమామ్ అలీ ప్రసంగాల సంకలనం నహజుల్ బలాఘా, మరో పక్క మార్క్స్, మావో, అల్జీరియా యుద్ధం. షరియతీ ఉపన్యాసాలు టెహ్రాన్‌లోని హుసేనియె ఇర్షాద్ అనే మత ఉపన్యాస మందిరంలో ఊపందుకునే నాటికి ఈ బృందం చాలావరకు తయారైపోయింది. ఆయన మాటలు విని తర్వాత చేరిన కుర్రాళ్లు బోలెడు, అందుకే గురువనిపిస్తాడు.

ఇస్లాంనూ మార్క్స్‌నూ కలిపి కుట్టింది ఎలాగో చూడాలంటే ఒక్క మాట పట్టుకోండి: ‘ముస్తజఫీన్’. ఖురాన్ 28వ సూరా (అధ్యాయం) 5వ వాక్యంలో, భూమ్మీద బలహీనులుగా చేయబడినవాళ్లను నాయకులుగా, వారసులుగా చేస్తామని ఉంటుంది. మన హైదరాబాదీలు ముసలివాళ్లను ‘జయీఫ్’ అంటారే, అదే ధాతువు. కానీ ఇక్కడ అర్థం ‘బలహీనులు’ కాదు, ‘ఎవరో బలహీనపరిచినవాళ్లు’. ఆ ‘ఎవరో’ దగ్గర వీళ్లు దోపిడీ వర్గాన్ని తెచ్చి పెట్టారు. తౌహీద్ అంటే దేవుడొక్కడే అనడంతో సరిపోదు, సమాజంలోనూ చీలిక ఉండకూడదన్నారు. వర్గరహిత తౌహీదీ సమాజం అన్న నినాదం అక్కడిది. ప్రవక్త మనవడు హుసేన్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన కర్బలానూ అలాగే చదివారు. పీర్ల పండుగ చూసినవాళ్లకు హుసేన్ కథలోని దుఃఖం తెలుసు. వీళ్లకు అది ఏడవాల్సిన కథ కాదు, తిరగబడాల్సిన కథ. చిహ్నంలో తుపాకీ, కొడవలి, దాగలి ఉంటే పైన 4వ సూరా 95వ వాక్యం ఉంటుంది. కూర్చున్నవాళ్ల కంటే పోరాడేవాళ్లకు గొప్ప ప్రతిఫలం అని దాని భావం.

కుట్టు ఊడింది కూడా ఇక్కడే. సమాజాన్ని అర్థం చేసుకునే శాస్త్రంగా మార్క్స్‌ను తీసుకుంటాం, భౌతికవాద తత్వాన్ని వదిలేస్తాం అన్నారు. మరి సమాజ విశ్లేషణంతా అటు నుంచే వస్తే మతం చేసే పనేమిటి? వ్యవస్థాపకులు బతికుండగా ఈ ప్రశ్న అణిగి ఉంది. 1971లో షా రహస్య పోలీసు సంస్థ సావాక్ దాదాపు నాయకత్వాన్నంతా పట్టుకుంది, 1972 మేలో ఆ ముగ్గురినీ కాల్చేశారు. బయట మిగిలినవాళ్లలో తఖీ షహ్రామ్ వర్గం 1975లో ఇస్లాంను వదిలి మార్క్సిజమే మా సిద్ధాంతమని ప్రకటించింది. ఒప్పుకోని మజీద్ షరీఫ్ వాఖెఫీని సొంత సంస్థవాళ్లే చంపారు. ఆ వర్గమే తర్వాత పేకార్ అనే సంస్థ అయింది. జైల్లో, తర్వాత సంస్థ నాయకుడైన మసూద్ రజవీ చుట్టూ ఉన్నవాళ్లు పాత దారిలోనే ఉండిపోయారు. మతపెద్దలు వాళ్లనూ నమ్మలేదు. ‘ఎల్తెఘాతీ’, అంటే అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకునేవాడు అని ముద్ర వేశారు. నా లెక్కలో ‘ఇస్లామిక్ మార్క్సిస్టు’ కంటే ఈ తిట్టే విషయానికి దగ్గరగా ఉంది.

చదవాలనుకుంటే బజర్గాన్, తాలెఘానీలతో మొదలుపెట్టండి, 1975 ప్రకటన తర్వాత చూడొచ్చు. 1981లో ఖొమేనీతో తెగిపోవడం, ఇరాక్ శిబిరాలు, రజవీ వ్యక్తిపూజ వేరే అధ్యాయం. వాటిని వెనక్కి లాగి 1965 కుర్రాళ్లకు అంటగడితే మీరడిగిన ప్రశ్నకు జవాబు దొరకదు.