సమాధానం: నాన్నగారికి ఇంట్లోనే డయాలసిస్ చేస్తే ఖర్చు తగ్గుతుందా?

తమ్ముడూ, వారానికి మూడుసార్లు నాన్నగారిని పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకెళ్లలేక, ఇంట్లో పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌కు మారాలా అని అడిగారు. మా అమ్మకి గుణుపురంలో రెండేళ్లు నేనే చేశాను, అందుకే రాస్తున్నాను.

ముందు, గొట్టంతో పొట్టలోకి ఎక్కించి, తర్వాత బయటికి తీసే ద్రవం బ్యాగుల లెక్క చూడండి. రోజుకి మూడుసార్లు మారిస్తే నెలకి 90, నాలుగైతే 120. అసలు ఖర్చంతా అక్కడే. గొట్టం వేసే ఆపరేషన్ మొదట్లో ఒక్కసారే. రక్తం పెరిగే ఇంజెక్షన్లు ఎలాగూ తప్పవు. రెండోవైపు ఆసుపత్రికి తిరిగితే అయ్యే బస్సు ఛార్జీలు, తోడు వెళ్లినందుకు మీకు పోయే కూలి, హోటల్ భోజనం రాయండి. మేం రాసేదాకా ఆ డబ్బు మాకు కనబడనే లేదు.

అయితే 2016లో వచ్చిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ పథకంలో పేదలకు ఆసుపత్రి డయాలసిస్ ఉచితం. కాబట్టి ముందు మీ జిల్లా ఆసుపత్రిలో ఖాళీ ఉందా అని అడగండి. ఇంటి డయాలసిస్‌కీ 2019లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. బ్యాగులు ఉచితంగా ఇస్తారా అన్నది తేలకుండా మాత్రం ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు.

చేతులు సబ్బుతో కడగకుండా గొట్టం ముట్టుకోకండి. బయటికొచ్చిన నీరు మసకగా ఉన్నా, కడుపు నొప్పి వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక్క ఇన్ఫెక్షన్‌తో మిగిల్చిందంతా పోతుంది.