ఉద్యోగం చేస్తూ ఆర్మీ ఆఫీసరు పరీక్షలకు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 25 ఏళ్ల 3 నెలలు. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి మూడేళ్లుగా గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచీ సైన్యంలో ఆఫీసరు కావాలనే కోరిక ఉన్నా, అక్క పెళ్లి అప్పు తీర్చడానికి ముందు ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు ప్రయత్నించలేదని ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూలో తప్పుపడతారా? ఉద్యోగం మానేసి పూర్తిగా దీనిమీదే కూర్చుందామంటే, వచ్చే జీతం పోగొట్టుకుంటావా అని నాన్నగారు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: నాన్నగారి మాట వినండి, ఉద్యోగం మానకండి. అయితే ఆయన జీతం గురించి ఆలోచిస్తున్నారు, నేను మీ ఇంటర్వ్యూ గురించి ఆలోచిస్తున్నాను.

ముందు వయసు లెక్క తేల్చుకుందాం. సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి వెళ్లే దారి 24 ఏళ్లకు, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లే దారి 25 ఏళ్లకు మూసుకుపోతాయి కనుక ఆ రెండూ మీకు లేనట్టే. ఇంజనీరింగ్ పట్టభద్రులు రాతపరీక్ష లేకుండా, డిగ్రీ మార్కుల ఆధారంగా నేరుగా ఎస్‌ఎస్‌బీకి వెళ్లగలిగే టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), ఎస్‌ఎస్‌సీ (షార్ట్ సర్వీస్ కమిషన్) టెక్నికల్ కోర్సులకు మాత్రం 27 ఏళ్ల వరకు అవకాశం ఉంది. వైమానిక దళంలో విమానం నడపని గ్రౌండ్ డ్యూటీ శాఖలకు జరిగే ఆఫ్‌క్యాట్ పరీక్షకు 26 ఏళ్లు పరిమితి. ఈ వయసును దరఖాస్తు చేసిన రోజుకు కాక, కోర్సు మొదలయ్యే నెలకు లెక్కిస్తారు. దరఖాస్తుకూ కోర్సుకూ మధ్య ఎనిమిది నెలల దాకా పడుతుంది కాబట్టి, రెండేళ్లు ఉందని మీరు అనుకుంటున్న గడువు నిజానికి ఒక ఏడాది మాత్రమే. వచ్చే నోటిఫికేషన్‌కే దరఖాస్తు పెట్టండి.

ఇక ఉద్యోగం సంగతి. ఎస్‌ఎస్‌బీ కేంద్రంలో మీచేత పీఐక్యూ అనే వ్యక్తిగత వివరాల ఫారం నింపిస్తారు. తల్లిదండ్రుల వృత్తి, ఆదాయం, మీ చదువు, ఆటలు, వ్యాపకాలతో పాటు మీ ప్రస్తుత ఉద్యోగం, నెలజీతం కూడా అందులో రాయాలి, ఇంటర్వ్యూ చేసే అధికారి ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే మాట్లాడతారు. అక్క పెళ్లి అప్పు తీర్చడానికి ఉద్యోగంలో చేరానని చెప్పుకోవడంలో దాచవలసినది ఏమీ లేదు. చిక్కంతా ఆ మూడేళ్లలో ఏం చేశావని అడిగినప్పుడు పొడిపొడిగా రెండు మాటలు చెప్పి ఊరుకుంటేనే వస్తుంది.

సలహా కోసం నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు నమూనా ఫారంలో ‘టీమ్‌ను నడిపించాను’ అని రాసుకొచ్చాడు. టీమ్‌లో ఎంతమంది, ఒకరు చెప్పాపెట్టకుండా సెలవు పెడితే ఆ పని ఎవరికి అప్పగించావు, అతను కాదంటే ఏం చేశావు అని వరసగా అడిగేసరికి, తాను చూసుకున్నది ఇద్దరు ఇంటర్న్‌లనని, అదీ పదిహేను రోజులేనని ఒప్పుకున్నాడు. ఆ పదిహేను రోజుల కథే చెప్పమన్నాను. క్లయింటుకు పని అప్పగించవలసిన ముందు రాత్రి ఒక ఇంటర్న్ పొరపాటున ఫైళ్లు చెరిపేస్తే, మేనేజరు దగ్గర తప్పు తనమీద వేసుకుని, తెల్లవారేదాకా ఆ అబ్బాయి పక్కనే కూర్చుని సరిచేయించాడట. ఇది చెప్పుకోదగ్గ సంగతేనని అతనికి తోచనే లేదు! మీ మూడేళ్లలోనూ ఇలాంటివి నాలుగైదు దొరుకుతాయి, తవ్వి తీయండి. ఎస్‌ఎస్‌బీలో జరిగే మనస్తత్వ పరీక్షల్లో, వాళ్లు చూపే ఒక్కో మాటకు 15 సెకన్ల చొప్పున 60 మాటలకు వాక్యాలు, 30 నిమిషాల్లో 60 సందర్భాలకు స్పందనలు రాయాలి కనుక, కొత్తగా కథ అల్లే వ్యవధి ఉండదు, జీవితంలో చేసిందే చేతికి వస్తుంది. ఉద్యోగం మానేసి గదిలో కూర్చున్నవారికి ఆ సరుకు తరిగిపోతుంది.

ఉద్యోగం వల్ల మీకు నిజంగా జరిగిన నష్టం శరీరానిది. గచ్చిబౌలి నుంచి అల్వాల్‌కు రోజూ తిరిగే మనిషికి పరుగు తీసే సమయం పొద్దున అయిదింటికే దొరుకుతుంది. 2.4 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తే అలవాటు ఈ వారమే మొదలుపెట్టండి.

ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులు సాగుతుంది. మొదటిరోజు వడపోతలో పోతే అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆ అయిదు రోజులకు ఆఫీసులో జ్వరమని అబద్ధం చెప్పకుండా సొంత సెలవు పెట్టుకోండి. ఎంపికైనా వెంటనే రాజీనామా చేయకండి. ఆ తర్వాత వైద్య పరీక్షలు, మెరిట్ జాబితా ఉంటాయి, అక్కడ ఆగిపోయినవారు ఎందరో ఉన్నారు. అయితే చేరవలసిన ఉత్తర్వు వచ్చాక వ్యవధి తక్కువగా ఉండవచ్చు, కాబట్టి మీ నియామకపత్రంలో నోటీసు గడువు 60 రోజులా 90 రోజులా, డబ్బు కట్టి తగ్గించుకోవచ్చా అన్నది ఇప్పుడే చదివి పెట్టుకోండి. శిక్షణలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ మొత్తానికి మించిన ఈఎంఐలు ఏవీ పెట్టుకోకండి. మరొకటి, టీజీసీ, ఎస్‌ఎస్‌సీ టెక్నికల్ కోర్సులకు పెళ్లికాని వారే అర్హులు, శిక్షణ ముగిసేదాకా పెళ్లి చేసుకోకూడదు. 25 దాటిన అబ్బాయికి మన ఇళ్లలో సంబంధాలు రాకుండా ఉండవు గనుక, ఇది మీకన్నా ముందు మీ అమ్మగారికి తెలియాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, పెళ్లయింది, ఒక పాప. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. నా వయసువారికి ఏ దారీ లేదా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఉంది, పైగా ఉద్యోగం ఉన్నవారికే ఉంది. 1949లో ఏర్పడిన టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరు కావాలంటే డిగ్రీ ఉండాలి, 18 నుంచి 42 ఏళ్ల మధ్య వయసు ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. పెళ్లి అడ్డు కాదు. మహేంద్రసింగ్ ధోనీకి 2011లో ఈ టెరిటోరియల్ ఆర్మీలో ఇచ్చినది గౌరవ హోదా. మీరు మాత్రం రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ అన్నీ దాటాలి. అయితే ఇది పూర్తికాల ఉద్యోగం కాదు. ఏటా శిక్షణకు వెళ్లినప్పుడు, అవసరమై పిలిచినప్పుడు మాత్రమే సైన్యం జీతం వస్తుంది. సేవకు పిలిస్తే తిరిగివచ్చాక మిమ్మల్ని పనిలోకి తీసుకునే బాధ్యత యజమానిపై ఉందని 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం చెబుతోంది. చట్టం ఉన్నా, మార్చి నెలాఖరు లెక్కల వేళ మీరు ఉండకపోతే మీ మేనేజరు ఏమంటారో దరఖాస్తుకు ముందే కనుక్కోండి.