వందల కెమెరాల కంట్రోల్ రూమ్ చేతికొచ్చినప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎనిమిది వందల నిఘా కెమెరాల కంట్రోల్ రూమ్‌ను అమర్చే పని నీకు అప్పగించారని విని ఎంతో సంతోషించాను. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు, రాత్రి డ్యూటీ చేసే ఆపరేటర్ల పక్కన కూర్చో. వాళ్లు ఏ చోటును ఏమని పిలుస్తారో రాసుకో. నక్షాలో ‘బ్లాక్ బి, ఈశాన్యం’ అని ఉన్నదాన్ని వాళ్లు ‘వెనక గేటు’ అంటారు. కెమెరాకు ఆ పేరే పెట్టు. నంబర్లను కూడా బిగించిన వరుసలో కాక చోటును బట్టి ఇవ్వు: మొదటి అంతస్తుకు 1001 నుంచి, రెండో దానికి 2001 నుంచి, మధ్యలో ఖాళీలు వదులుతూ. ఆ నంబర్లు అలారాల్లోకి, మ్యాపుల్లోకి, ఆపరేటర్ల వేళ్లకు ఎక్కాక మార్చడం చాలా కష్టం.

స్టోరేజీ లెక్క నువ్వే స్వయంగా వెయ్యి. సెకనుకు 4 మెగాబిట్లు పంపే కెమెరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు నింపుతుంది. ఎనిమిది వందల కెమెరాలకు 30 రోజులంటే వెయ్యి టెరాబైట్లు దాటుతుంది. బిట్‌రేటును (సెకనుకు వెళ్లే డేటాను) పగటిపూట చూసి సరిపెట్టుకోకు. చీకట్లో బొమ్మలో నలుసులు పెరుగుతాయి, వాటిని కూడా కదలికగానే లెక్కగట్టి ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) ఎక్కువ డేటా పంపుతుంది. అందుకే రాత్రిపూట, వానలో కొలిచి చూడు. వీడియో వాల్ మీద చిన్న గడుల్లో కనిపించే బొమ్మలకు సబ్‌స్ట్రీమ్, అంటే కెమెరా పంపే తక్కువ రిజల్యూషన్ వీడియో, చాలు. అన్నిటినీ పూర్తి రిజల్యూషన్‌లో తెరిస్తే వర్క్‌స్టేషన్లు డీకోడ్ చేయలేక చతికిలబడతాయి.

గడియారాల సంగతి చిన్నదనుకోకు. కెమెరాలు, రికార్డర్లు, తలుపుల కంట్రోలర్లు అన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్‌లో గడియారాలను సరిచేసే సర్వర్) నుంచి సమయం తీసుకోవాలి. రెండు కెమెరాల మధ్య అర నిమిషం తేడా ఉన్నా, గదిలోంచి ఇంకా బయటికి రాని మనిషి అప్పటికే వరండాలో నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ రికార్డింగును సాక్ష్యంగా ఎవరు నమ్ముతారు?

అలారాల దగ్గర నీ సమయం ఎక్కువ వెచ్చించు. తలుపు బలవంతంగా తెరుచుకుంటే ఏ కెమెరా, ఏ ప్రీసెట్‌కు (ముందే దాచిపెట్టిన దిశకు) తిరిగి, ఏ తెరమీదికి రావాలో చాలామంది రాస్తారు. అలారం తీరాక ఆ తెర ఏ స్థితికి తిరిగి వెళ్లాలో మాత్రం రాయరు. అటూ ఇటూ తిరిగి, జూమ్ చేయగల ఒకే పీటీజెడ్ కెమెరాను రెండు అలారాలు ఒకేసారి అడిగితే దేనికి ప్రాధాన్యమో, ఆపరేటర్ జాయ్‌స్టిక్ పట్టుకుని ఉండగా అలారం వస్తే ఎవరి మాట చెల్లాలో ముందే తేల్చు. ఇన్‌ఫ్రారెడ్ దీపం ముందు సాలెగూడు ఊగినా మోషన్ అలారం మోగుతుంది. ఆపరేటర్ చేయవలసిన పనేమీ లేని ప్రతి అలారాన్నీ లాగ్‌లోకి పంపి, తెర నుంచి తీసెయ్యి. అనవసరంగా మోగుతూ ఉంటే, అసలైనది మోగినప్పుడు ఎవరూ తల ఎత్తరు.

పాస్‌వర్డ్‌ల గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. 2016లో మిరాయ్ మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను (వీడియో రికార్డర్లను) గుంపుగా లోబరుచుకుంది. కెమెరాలన్నిటినీ ప్రత్యేక వీల్యాన్‌లో (మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీసిన భాగంలో) పెట్టు. వీడియో కాపీ తీసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇవ్వు. ఎవరి ఇంటి కిటికీ అయినా ఫ్రేములో పడితే దాన్ని కెమెరాలోనే మాస్క్ చెయ్యి. చూడవలసిన అవసరం లేనిదాన్ని చూడకపోవడం కూడా ఈ వృత్తి ధర్మమే.

అప్పగించే ముందు, ఆపరేటర్లు పనిలో ఉండగానే, వాళ్లకు చెప్పి ఒక రికార్డర్‌ను ఆపు. మరొకటి ఆ భారం అందుకునేలోపు ఎన్ని సెకన్ల రికార్డింగు పోయిందో కొలిచి, ఆ అంకెను అప్పగింత పత్రంలో రాయి. ఒక నెట్‌వర్క్ స్విచ్ కేబులు కూడా పీకి, ‘కెమెరా పోయింది’ అన్న హెచ్చరిక ఎంతసేపటికి వచ్చిందో చూడు. కాన్ఫిగరేషన్ బ్యాకప్‌ను అదే సర్వర్‌లో ఉంచకుండా వేరే చోట దాచు. ఏ మార్పు చేసినా తేదీ, కారణం రాసిపెట్టు.

ఇట్లు,
నీ బాబాయి