డాక్టర్ ‘ఫైవ్ పాయింట్ జీరో ఎంజీ’ అని చెబితే రిపోర్టులో 5.0 అని టైప్ చేయాలా, 5 అనా?

మందు డోసు అయితే 5 ఎంజీ అనే టైప్ చేయాలి. ‘పాయింట్ ఫైవ్’ అని చెబితే మాత్రం ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. బెంగళూరులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (డాక్టర్లు చెప్పిన మాటలు విని రిపోర్టుగా టైప్ చేసే పని) నేర్చుకునే మనవాళ్లలో చాలామందికి ఉండే సందేహమే ఇది.

కారణం ఆ చిన్న చుక్క. ప్రింటులో మసకబారినా, ఫ్యాక్స్‌లో చెరిగిపోయినా, గీత మీద పడినా అది కనిపించదు. అప్పుడు 5.0 కాస్తా 50 అవుతుంది, .5 ఏమో 5 అవుతుంది. రెండు చోట్లా డోసు పదింతలు! రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్‌నే తీసుకోండి: 1.0 ఎంజీని నర్సు 10 అని చదివితే రోగికి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన ‘వాడకూడనివి’ జాబితాలో ఈ రెండు రాతలనూ చేర్చింది. ఇక్కడ కూర్చుని టైప్ చేసేది అక్కడి రిపోర్టులే అయితే ఇది తప్పించుకోలేని నియమం.

‘డాక్టర్ నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే దించాలి కదా’ అనుకోవడం పొరపాటు. ఇక్కడ విలువ మారదు, రాసే తీరే మారుతుంది. దీనికి తలకిందులైన పొరపాటు ఇంకోటుంది: కనిపించిన ప్రతి చివరి సున్నానూ కొట్టేయడం. ల్యాబ్ ఫలితంలో పొటాషియం 4.0 అని ఉంటే అలాగే ఉంచాలి. అక్కడ ఆ సున్నా ఎంత కచ్చితంగా కొలిచారో చెబుతుంది. స్కాన్‌లో గడ్డ కొలత 2.0 సెంటీమీటర్లకూ అంతే.