5 వాట్ల ట్యూబ్ ఆంప్‌లో హమ్, ముద్దగా మోగే బేస్: ముందు ఏది మార్చాలి?

మీ ఆంప్‌లో ఉన్నవి ఒక 12ఏఎక్స్7 (సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీఆంప్ ట్యూబ్), ఒక ఈఎల్84 (స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబ్), 8 అంగుళాల స్పీకర్. గిటార్ పెట్టకపోయినా హమ్ వస్తోంది, హంబకర్‌తో (రెండు కాయిల్స్ ఉన్న పికప్) వాయిస్తూ వాల్యూమ్ సగం దాటిస్తే లావు తీగలు ముద్దగా మోగుతున్నాయి, మాడ్ కిట్ (ఆంప్‌లో మార్పులకి అమ్మే భాగాల సెట్) కొనాలా అని అడిగారు. కిట్ ఇప్పుడే వద్దు. ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు నాలుగైదు చిన్న భాగాలతోనే తీరతాయి. కాకపోతే ఒక్కసారికి ఒక్కటే మార్చి, వాయించి విని, తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్లండి. పది భాగాలు ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తేలదు.

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (పవర్ సప్లై వోల్టేజిని నునుపు చేసేవి) 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న రెండు క్లిప్పులు అతికించుకోండి. ఒక క్లిప్ చాసిస్‌కి (ఆంప్ లోహపు పెట్టెకి) పెట్టాక రెండోది కెపాసిటర్ ప్లస్ కాలికి తగిలించి, పది సెకన్లు ఉంచండి. మీటర్‌లో 5 వోల్టుల లోపు కనిపిస్తేనే లోపల చెయ్యి పెట్టాలి. ప్రతి కెపాసిటర్‌నీ విడిగా చూడండి. స్పీకర్ కలపకుండా ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయొద్దు. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబ్ వైపు చుట్టలో) వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్ కాలిపోతుంది.

ఆంప్ విప్పకుండానే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. అదే ఇంపీడెన్స్ ఉన్న 12 అంగుళాల స్పీకర్ క్యాబినెట్ ఎవరిదగ్గరైనా ఉంటే కలిపి వాయించండి. స్పీకర్ సెన్సిటివిటీలో (ఒకే వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్కలో) 3 డెసిబెల్స్ తేడా అంటే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత పని. చిన్న పెట్టెలో 8 అంగుళాల స్పీకర్ తేలేని నిండుదనాన్ని ఏ ఖరీదైన కెపాసిటరూ తేలేదు.

హమ్ ఎక్కడ పుడుతోందో తేల్చడానికి, ఆంప్ ఆపి, 12ఏఎక్స్7 పీకేసి మళ్లీ ఆన్ చేయండి. హమ్ పోతే తప్పు ప్రీఆంప్ వైపు, ఉంటే పవర్ సప్లై లేదా ఈఎల్84 వైపు. మెయిన్స్ ఫ్రీక్వెన్సీలో మెత్తగా, లోతుగా ఉంటే ఎక్కువసార్లు హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగ) వైరింగే కారణం. రెండు హీటర్ వైర్ల నుంచీ చెరో 100 ఓమ్, అర వాట్ రెసిస్టర్ చాసిస్‌కి కలపండి. అయితే ముందు హీటర్ వైరింగ్‌లో ఒక కొస గ్రౌండ్‌కి కలిపి ఉందేమో చూసి, ఉంటే విడదీయాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్ చుట్టకి సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన వైరు) ఉండి అది గ్రౌండ్ అయి ఉంటే ఈ రెసిస్టర్లు అక్కర్లేదు. హమ్ కాస్త గరుగ్గా, అంతకు రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఉంటే ఫిల్టరింగ్ చాలడం లేదు. పవర్ ట్యూబ్‌లు జతగా పనిచేసే పుష్ పుల్ ఆంప్‌లో ఆ రిపుల్ (సప్లైలో మిగిలిపోయిన హెచ్చుతగ్గులు) చాలావరకు తనంతట తానే రద్దవుతుంది. ఒకే పవర్ ట్యూబ్ ఉన్న మీ సింగిల్ ఎండెడ్ ఆంప్‌లో నేరుగా స్పీకర్‌కి చేరుతుంది. 22 మైక్రోఫారడ్ ఉన్నచోట 47 మైక్రోఫారడ్, 450 వోల్టులది వేయండి. సిలికాన్ డయోడ్ల బదులు 5వై3 లాంటి రెక్టిఫయర్ ట్యూబ్ (ఏసీని డీసీ చేసేది) ఉంటే మాత్రం మొదటి కెపాసిటర్‌ని పెంచొద్దు, ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంట్‌కి ట్యూబ్ దెబ్బతింటుంది.

ఇక ముద్దగా మోగడం. 12ఏఎక్స్7 మొదటి స్టేజ్ కాథోడ్ దగ్గర (ఎలక్ట్రాన్లు వదిలే భాగం, 3 లేదా 8వ పిన్) 1.5 కిలో ఓమ్ రెసిస్టర్, దాని పక్కన 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయేమో చూడండి. ఆ జత దాదాపు 5 హెర్ట్జ్ నుంచి పైనున్న అన్నిటినీ పెంచేస్తుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. అంటే బేస్ అంతా పూర్తి గెయిన్‌తో తర్వాతి స్టేజ్ మీద పడుతోంది. 0.68 మైక్రోఫారడ్ వేస్తే పెంపు సుమారు 150 హెర్ట్జ్ పైనే మొదలవుతుంది, తీగలు విడివిడిగా వినిపిస్తాయి. పల్చబడిందనిపిస్తే 1 నుంచి 4.7 మైక్రోఫారడ్ మధ్య ఏదైనా ప్రయత్నించండి. నాకైతే హంబకర్‌కి 1 మైక్రోఫారడ్ సరిపోయినట్టు అనిపిస్తుంది.

గట్టిగా మీటినప్పుడు స్వరం ఒక్కక్షణం నొక్కుకుపోయి, తర్వాత బర్రుమంటూ తేరుకుంటుంటే అది బ్లాకింగ్ డిస్టార్షన్. ఈఎల్84 గ్రిడ్ (సిగ్నల్ అందుకునే భాగం) పాజిటివ్ అయి కరెంట్ లాగుతుంది, ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (స్టేజ్ నుంచి స్టేజ్‌కి సిగ్నల్ దాటించేది) ఛార్జ్ అయిపోతుంది, అది ఖాళీ అయ్యేదాకా ట్యూబ్ దాదాపు మూసుకుపోయి ఉంటుంది. 0.022 మైక్రోఫారడ్ తీసేసి 0.01 (630 వోల్టులది) వేయండి. గ్రిడ్‌కి సిగ్నల్ వెళ్లే దారిలో, ఈఎల్84 రెండో పిన్‌కి ఆనుకునేలా 5.6 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. రెసిస్టర్ పిన్‌కి దూరమైతే ఆసిలేషన్ (ఆంప్ తనంతట తానే ఊళపెట్టడం) ఆపడంలో సగం ప్రయోజనం పోతుంది.

మూత మూసేముందు బయాస్ (వాయించనప్పుడు ట్యూబ్‌లో పారే కరెంట్) కొలవండి, చిన్న ఆంప్‌లలో చాలామంది వదిలేసేది ఇదే. ఈఎల్84 కాథోడ్ రెసిస్టర్ 150 ఓమ్, దాని మీద 9 వోల్టులు కనిపించాయనుకుందాం: 60 మిల్లీఆంపియర్లు. అందులో స్క్రీన్ (ట్యూబ్‌లోని రెండో గ్రిడ్) కరెంట్ ఓ 5 తీసేస్తే ప్లేట్‌కి 55. ప్లేట్‌కీ కాథోడ్‌కీ మధ్య 280 వోల్టులుంటే 15.4 వాట్లు. ఈఎల్84 పరిమితి 12 వాట్లు. ఇలాంటి ఆంప్‌లో ట్యూబ్ ఎన్నిసార్లు మార్చినా త్వరగానే పోతుంది. 180, 220 ఓమ్‌లు వేసి, ప్రతిసారీ మళ్లీ కొలిచి, 12 లోపుకు తేవాలి. రెసిస్టర్ కనీసం 2 వాట్లది ఉండాలి.

ట్యూబ్ సాకెట్లు సర్క్యూట్ బోర్డు మీదే ఉంటే, ఈఎల్84 వేడికి ఆ సోల్డర్ జాయింట్ల చుట్టూ ఉంగరంలా సన్నటి పగులు వస్తుంది. ఆన్‌లో ఉన్నప్పుడు పొడి చెక్కపుల్లతో సాకెట్‌ని తట్టండి. చిటపటమంటే ఆపి, డిశ్చార్జ్ చేసి, పాత సోల్డర్ పీల్చేసి కొత్తది పోయండి. ఇన్‌పుట్ జాక్ కాళ్లని కూడా అలాగే చూడండి.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం ఆఖరి మాట. మార్చాక ఆన్ చేయగానే ఆంప్ కీచుమని అరిస్తే భయపడొద్దు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి గెయిన్ తగ్గించే ఏర్పాటు) తిరగబడిందన్నమాట. ఆపి, డిశ్చార్జ్ చేసి, ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి.